జాయ్‌స్టిక్ పెట్టాక పడవలు వణుకుతున్నాయి, పాత వెర్షన్ వాళ్లు అసలు కదలట్లేదు (గోడో 4)

లంకపడవ
మాది చిన్న గేమ్. కాలవలో నాటుపడవల పందెం, ఒక గదిలో ఎనిమిది మంది. గేమ్ ఇంజిన్ గోడో 4, నెట్ కనెక్షన్ చూసుకునే లైబ్రరీ ఈనెట్, సర్వర్ ముంబైలో అద్దెకి తీసుకున్నది. సర్వర్ పని బావ చూస్తాడు, ఫోన్ వైపు నేను.

ఇన్నాళ్లూ నాలుగు బాణాల బటన్లే ఉండేవి. ఒక్కో బటన్‌కి ఒక బిట్ చొప్పున ఒక బైట్ సర్వర్‌కి పంపేవాళ్లం. నాలుగు బిట్లతో ఎనిమిది దిక్కులే కదా, పడవ 45 డిగ్రీలకోసారి గెంతేది. "మా తాత తెడ్డేస్తే కూడా ఇంతకంటే నున్నగా తిరుగుతుంది" అని రివ్యూల్లో తిట్లు. సరే అని జాయ్‌స్టిక్ పెట్టాం. ఇప్పుడు అడ్డం, నిలువు రెండు విలువలు, ఒక్కోటి ఒక బైట్‌లో వెళ్తున్నాయి.

దాంతో రెండు తలనొప్పులు. ఒకటి, ఫోన్‌లో మన పడవే మనకి సన్నగా వణుకుతోంది. పక్కవాళ్ల పడవలు బాగానే ఉంటున్నాయి. పీసీలో బాణాల కీలతో నేరుగా నడిపితే ఏం లేదు. రెండు, అప్‌డేట్ చేసుకోని వాళ్లు గదిలోకి వస్తున్నారు కానీ పడవ కదలదు. సర్వర్ లాగ్ నిండా ఆర్‌పీసీ చెక్‌సమ్ కుదరలేదని ఎర్రర్లు (ఆర్‌పీసీ అంటే ఫోన్ నుంచి సర్వర్‌లోని ఫంక్షన్‌ని పిలవడం, చెక్‌సమ్ అంటే రెండు వైపులా అవే ఫంక్షన్లు ఉన్నాయా అని సరిచూసే గుర్తు).

బావేమో "అందరిచేతా బలవంతంగా అప్‌డేట్ చేయించెయ్" అంటాడు. సంక్రాంతి ముందు ఆ పని చేయడం నాకిష్టం లేదు.

కాకినాడ_కాజా
ముందు పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే టైమ్) ఎంతో చెప్పండి. మన వైపు సగం రోగాలు అక్కడే.

గట్టుమీద_గేమర్
నేనీ గేమ్ ఆడతాను, కోడింగ్ రాదు. వణుకు నిజమే. మా తమ్ముడు ఈ వంకతో కొత్త ఫోన్ కొనిపించాలని చూస్తున్నాడు, ఫోన్ తప్పు కాదని ఇక్కడెవరైనా రాసిపెడితే ఇంట్లో చూపిస్తా.

లంకపడవ
@కాకినాడ_కాజా పగలు 45 నుంచి 60 మిల్లీసెకన్ల మధ్య. సాయంత్రం వంద దాటుతుంది. కానీ వణుకు రెండు పూటలా ఒకేలా ఉంది. పింగ్ అయితే సాయంత్రం ఎక్కువ కావాలిగా?

ప్యాకెట్_పంతులు
పింగ్ కాదు. రెండు ప్రశ్నలకి జవాబు చెప్పండి, మిగతాది తర్వాత.

స్టిక్‌ని నేరుగా ముందుకి చివరిదాకా తోస్తే వణుకుతుందా? సగం తోస్తే? ఇంకోటి, వణికేటప్పుడు పడవ అటూ ఇటూ ఊగుతోందా, ఎప్పుడూ వెనక్కే లాగినట్టుందా?

పీసీలో కూడా ఒకసారి రెండు బాణాలు కలిపి నొక్కి మూలగా నడిపి చూడండి.

లంకపడవ
చూశాను. ఫోన్‌లో చివరిదాకా నేరుగా తోస్తే అసలు లేదు. సగం తోస్తే ఉంది. మూలగా చివరిదాకా తోస్తే ఇంకా ఎక్కువ. ఎప్పుడూ వెనక్కే లాగుతోంది, ముందుకి లాగడం చూడలేదు.

పీసీలో రెండు కీలు కలిపి నొక్కితే వణికింది!! ఇదెలా కనిపెట్టారు?

రాత్రి_కోడర్
పంతులు గారు నాడి పట్టుకోకుండానే మందు రాస్తున్నారు.

ప్యాకెట్_పంతులు
మీ ఫోన్ సర్వర్ జవాబు కోసం ఆగకుండా పడవని ముందే కదిపేస్తుంది కదా, ప్రిడిక్షన్. తర్వాత సర్వర్ తన లెక్క పంపుతుంది, రెండూ తేడా వస్తే ఫోన్ తన పడవని సర్వర్ చెప్పిన చోటికి లాగుతుంది. ఇది కొత్త సంగతేం కాదు. 1996 జూన్‌లో క్వేక్ అనే షూటింగ్ గేమ్ వచ్చినప్పుడు మోడెమ్ మీద ఆడేవాళ్లకి కీ నొక్కాక మనిషి కదలడానికి జవాబు వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. అదే ఏడాది డిసెంబర్‌లో దాని ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఇంటర్నెట్‌లో ఆడే వెర్షన్ క్వేక్‌వరల్డ్‌లో ఈ ప్రిడిక్షన్ పెట్టాడు. ఇప్పుడు అందరం చేసేది దాని పిల్లలే.

ఇది పనిచేయాలంటే ఒకే ఒక్క షరతు. రెండు వైపులా ఒకే ఇన్‌పుట్, ఒకే లెక్క. మీ దగ్గర ఇన్‌పుట్టే వేరైపోయింది.

స్టిక్ సగం అంటే 0.5. దాన్ని బైట్‌లో పెట్టడానికి 127తో గుణిస్తే 63.5. మీరు మామూలు పూర్ణాంకంగా మార్చి ఉంటారు, గోడోలో అది చివరి ముక్కని కోసేస్తుంది, 63 మిగులుతుంది. సర్వర్ తిరిగి 127తో భాగిస్తే 0.496. ఫోన్ మాత్రం 0.5తోనే నడిపేసింది. సర్వర్ పడవ ఎప్పుడూ ఒక పిసరు వెనకే ఉంటుంది. అందుకే వెనక్కి లాగుడు. గుండ్రం చేసి ఉంటే ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి లాగేది. చివరిదాకా నేరుగా తోస్తే 127కి 127, తేడా సున్నా. మూలగా అయితే 0.7071, దాన్ని గుణిస్తే 89.8, కోస్తే 89. రెండు అక్షాల్లోనూ పోయింది కాబట్టి వణుకు ఎక్కువ.

మీ పడవ వేగం, సర్దుబాటు హద్దు ఎంతో చెప్తే లెక్క వేసి చూపిస్తా.

లంకపడవ
పూర్తి వేగం సెకనుకి 6 మీటర్లు. తేడా 1 సెంటీమీటర్ దాటితే లాగుతాం.

ప్యాకెట్_పంతులు
సగం స్టిక్ దగ్గర తేడా 0.0039. ఆరుతో గుణిస్తే సెకనుకి రెండున్నర సెంటీమీటర్లకి కొంచెం తక్కువ. అంటే సెకనుకి రెండుసార్లకి పైనే లాగుతోంది. మూలగా అయితే అయిదుసార్లు. కంటికి అదే వణుకు.

వశిష్ఠ_వాటం
దీనికింత దేనికండీ. హద్దుని 1 నుంచి 20 సెంటీమీటర్లు చేసేయండి, పోతుంది.

ప్యాకెట్_పంతులు
@వశిష్ఠ_వాటం పోదు. సెకనుకి రెండున్నర చొప్పున పోగవుతూనే ఉంటుంది, ఎనిమిది సెకన్లకోసారి 20 సెంటీమీటర్ల గెంతు గెంతుతుంది. సన్న వణుకు బదులు పెద్ద కుదుపు. పైగా గీత దగ్గర ఎవరు గెలిచారో ఇద్దరికి రెండు రకాలుగా కనిపిస్తుంది, అప్పుడు చూడండి గొడవ.

అమలాపురం_అల్గో
పంతులు గారితో ఏకీభవిస్తున్నా, కానీ హద్దు సున్నా కూడా పెట్టకూడదు. ఫోన్‌లో ఆర్మ్ చిప్, సర్వర్‌లో ఇంటెల్, దశాంశ లెక్కలు ఆఖరి అంకె దాకా కలవాలని లేదు. అన్‌రియల్ అనే గేమ్ ఇంజిన్‌లో కూడా డిఫాల్ట్ హద్దు రెండు సెంటీమీటర్ల లోపే ఉంటుంది, సున్నా కాదు.

అసలు మందు: స్టిక్ విలువని ముందు బైట్ చేయండి, ఆ బైట్‌ని తిరిగి దశాంశం చేయండి, ఫోన్ కూడా ఆ విలువతోనే పడవ నడపాలి. తీగ మీద ఏది వెళ్లిందో దాన్నే రెండు వైపులా వాడాలి, చేతిలో ఉన్న స్వచ్ఛమైన 0.5ని మర్చిపోవాలి. అన్‌రియల్ క్యారెక్టర్ మూవ్‌మెంట్ కోడ్‌లో ఇదే పనికి ఒక ఫంక్షన్ ఉంది. త్వరణాన్ని పంపేముందు ఒక దశాంశ స్థానానికి గుండ్రం చేస్తుంది, తను కూడా ఆ గుండ్రం చేసిన దానితోనే నడుస్తుంది. నేను అక్కడ చూసే నేర్చుకున్నా.

భీమవరం_బఫర్
లేకపోతే బైట్ గొడవే వద్దు. రెండు ఫ్లోట్లు (దశాంశ సంఖ్యలు, ఒక్కోటి నాలుగు బైట్లు) పంపేయండి, ఎనిమిది బైట్లు. కోత లేదు, గుండ్రం లేదు. ఈ రోజుల్లో ఆరు బైట్లు మిగుల్చుకుని ఏం చేస్తాం? ప్రతి ప్యాకెట్ మీద అడ్రస్‌లా అంటించే యూడీపీ, ఐపీ హెడర్లే 28 బైట్లు. సెకనుకి అరవై ప్యాకెట్లు పంపినా ఆ ఆరు బైట్ల తేడా 360 బైట్లు. ఒక వాట్సాప్ గుడ్ మార్నింగ్ ఫోటో ముందు ఎంత?

యానాం_యూడీపీ
@భీమవరం_బఫర్ బైట్ల లెక్కలో మీరు కరెక్ట్. కానీ ఫ్లోట్‌లో నాన్ అనే దెయ్యం ఉంది. అసలు సంఖ్యే కాని విలువ. ఎవడో మార్చిన క్లయింట్‌తో (ఆటగాడి ఫోన్‌లో ఉండే గేమ్) అది పంపాడనుకోండి. సర్వర్ "స్టిక్ తోసిన పొడవు ఒకటి కంటే ఎక్కువా?" అని అడుగుతుంది. నాన్‌ని దేనితో పోల్చినా కాదు అనే జవాబు. చెక్‌పోస్ట్ దాటేస్తుంది. ఆ తర్వాత పడవ వేగం నాన్, చోటు నాన్, దాన్ని తాకిన పడవలకీ అదే అంటుకుంటుంది. ఒక్కడు గది మొత్తాన్ని ముంచుతాడు. బైట్‌లో 256 విలువలే, ప్రతిదీ సంఖ్యే. నా ఓటు బైట్‌కి.

భీమవరం_బఫర్
నాన్‌కి ఒక్క లైన్ చెక్ చాలండి. దానికోసం బైట్‌కి దిగాలా?

యానాం_యూడీపీ
ఆ ఒక్క లైను ఎవరూ రాయరు, అదే బాధ.

మండపేట_మెష్
నేను బొమ్మలు వేసేదాన్ని, మీ గొడవలోకి రాను. ఒక్క సందేహం. బైట్‌లో దిక్కు పెడితే కంటికి మెట్లు మెట్లుగా కనిపించదా?

అమలాపురం_అల్గో
@మండపేట_మెష్ కనిపించదు అక్కా. కోణాన్నే ఒక బైట్‌లో పెట్టినా 360ని 256తో భాగిస్తే ఒక్కో మెట్టు 1.4 డిగ్రీలు. బొటనవేలు అంతకంటే ఎక్కువ వణుకుతుంది. 1999లో వచ్చిన క్వేక్ 3లో కూడా ముందుకి, పక్కకి, పైకి ఒక్కోదానికి ఒక్కో బైటే.

యానాం_యూడీపీ
బైట్ అన్నాం కదా అని నిద్రపోకండి. గుర్తు ఉన్న బైట్ మైనస్ 128 నుంచి ప్లస్ 127 దాకా పోతుంది. మైనస్ 128ని 127తో భాగిస్తే ఒకటి దాటి 1.008. ఎడమకి వెళ్లేవాడికి వందకి ముప్పావు వంతు అదనపు వేగం! ఇంకో దొంగ దారి, రెండు అక్షాలూ 127, 127 అని పంపడం. పొడవు 1.414. సర్వర్ కత్తిరించకపోతే మూలగా పోయేవాడు 41 శాతం ఎక్కువ వేగంతో పోతాడు. ఫోన్‌లో జాయ్‌స్టిక్ గుండ్రంగానే ఉంది కదా అనుకోకండి, సర్వర్‌కి వచ్చేది జాయ్‌స్టిక్ కాదు, ప్యాకెట్.

గట్టుమీద_గేమర్
ఓహో. వారం నుంచి ఒకడు మూలమూలలా తిప్పుతూ అందర్నీ దాటేస్తున్నాడు. వాడి టెక్నిక్ గొప్పదనుకుని వీడియోలు చూసి ప్రాక్టీస్ చేస్తున్నాం మేము 😭

లంకపడవ
@గట్టుమీద_గేమర్ వాడి పేరు నాకు మెసేజ్ చేయండి 🙂 సర్వర్ ఇప్పటిదాకా ఆ పొడవు చూడట్లేదు. బావకి ఫోన్ చేశా, ఇప్పుడే పెడుతున్నాడు.

గుండ్రం చేసి, అదే విలువతో ఫోన్‌లో నడిపి చూశా. సగం స్టిక్ దగ్గర వణుకు పూర్తిగా పోయింది. మూలగా కూడా పోయింది. గట్టుమీద గారు, ఫోన్ తప్పు కాదు, ఇంట్లో చూపించుకోండి.

ఇక రెండోది. పాత వెర్షన్.

పిల్లకాలవ
నేను బీటెక్ రెండో ఏడు. గోడోలో ఆర్‌పీసీకి కొత్త ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కి అందించే విలువ) కలిపితే చెక్‌సమ్ ఎర్రర్ రాలేదు, కానీ ఇంకో ఫంక్షన్ కలిపితే వచ్చింది. అది ఎందుకు?

అమలాపురం_అల్గో
@పిల్లకాలవ మంచి ప్రశ్న, ఈ చర్చకి అసలు తాళంచెవి అదే. గోడో 4 ఆ స్క్రిప్ట్‌లోని ఆర్‌పీసీ ఫంక్షన్లన్నిటినీ కలిపి సరిచూస్తుంది, ఆర్గ్యుమెంట్లని మాత్రం చూడదు. ఆర్గ్యుమెంట్ మారిస్తే చెక్‌సమ్ దాటిపోయి, నడిచేటప్పుడు లెక్క కుదరక పడిపోతుంది. ఫంక్షన్ కలిపితే తలుపు దగ్గరే ఎర్రర్. దాని వెనక కారణం ఉంది. తీగ మీద ఫంక్షన్ పేరు వెళ్లదు, నంబర్ వెళ్తుంది, ఆ నంబర్లు పేర్ల అక్షరక్రమంలో వస్తాయి. క్రమంలో ముందుకొచ్చే పేరుతో ఒక ఫంక్షన్ కలిపితే కింద వాటి నంబర్లన్నీ జరుగుతాయి. పాత ఫోన్ "3వ నంబర్" అంటే సర్వర్‌లో అది వేరే ఫంక్షన్.

లంకపడవ గారూ, మీరు పాత నోడ్‌లోనే (గోడోలో స్క్రిప్ట్ తగిలించే ముక్క) కొత్త ఫంక్షన్ కలిపారు కదూ?

లంకపడవ
అవును. పాత బటన్ల ఫంక్షన్ అలాగే ఉంచి పక్కనే జాయ్‌స్టిక్ ఫంక్షన్ పెట్టాం. పాతది ముట్టుకోలేదు కాబట్టి పాతవాళ్లకి ఏం కాదనుకున్నాడు బావ.

అమలాపురం_అల్గో
ఇలా చేయండి. పాత నోడ్‌ని పాత రూపంలోకి తెచ్చేయండి, అదే దారి, అవే ఫంక్షన్లు, ఒక్కటి ఎక్కువ తక్కువ కాకుండా. కొత్తదానికి వేరే నోడ్ పెట్టండి. పాత ఫోన్లకి ఆ నోడ్ ఉందనే తెలియదు, దాన్ని ఎప్పుడూ పిలవవు, కాబట్టి సరిచూసే ప్రసక్తే రాదు. కొత్త నోడ్ నుంచి పాత ఫోన్లకి సర్వర్ ఏదీ పంపకుండా చూసుకోండి, అంతే.

ఆ కొత్త నోడ్‌లో ఒకే ఒక్క ఆర్‌పీసీ, దానికి ఒకే ఒక్క ఆర్గ్యుమెంట్, బైట్ల వరుస. అందులో మొదటి బైట్ మీ ప్రోటోకాల్ వెర్షన్. ఇక జన్మలో ఆ ఫంక్షన్ ముఖం మార్చక్కర్లేదు, లోపల సరుకు మాత్రమే మారుతుంది.

రాత్రి_కోడర్
ఇందులో ఇంకో కిటుకు ఉంది, కొత్త సంగతి ఎప్పుడూ చివర్లో కలపాలి. లువాంటి అనే బ్లాకుల గేమ్ ఇంజిన్ ఉంది కదా, 2024 దాకా మైన్‌టెస్ట్ అన్నదే. అందులో ఆటగాడి ప్యాకెట్‌లో చోటు, వేగం, చూపు, నొక్కిన కీల బిట్లు వరుసగా ఉంటాయి. జాయ్‌స్టిక్ కోసం కదలిక వేగం, దిక్కు అని రెండు ఫ్లోట్లు కలపాల్సి వచ్చినప్పుడు మధ్యలో దూర్చలేదు, తోకకి తగిలించారు. ఆ బైట్లు వస్తే సర్వర్ చదువుకుంటుంది. రాకపోతే పాత క్లయింట్ అనుకుని కీల బిట్ల నుంచే దిక్కు లెక్కేసుకుంటుంది. కీల బిట్లు తీసెయ్యలేదు కూడా, మోడ్లు (గేమ్‌కి తగిలించే అదనపు కోడ్) రాసినవాళ్లు వాటి మీద బతుకుతున్నారు మరి.

వశిష్ఠ_వాటం
అదే లువాంటి వాళ్లు 2019లో 5.0 తెచ్చినప్పుడు 0.4 క్లయింట్లన్నిటినీ బయట నిలబెట్టారుగా? అది చెప్పరేం? ఒక్కోసారి తెంచుకోవడమే ఆరోగ్యం. మీరు ఈ పాత దారి పట్టుకుని వేలాడితే రెండేళ్ల తర్వాత నాలుగు రకాల ప్యాకెట్లకి నాలుగు రకాల కోడ్ ఉంటుంది, ఒకటి ముట్టుకుంటే ఇంకోటి కూలుతుంది. నేను బావ గారి పార్టీ.

రాత్రి_కోడర్
@వశిష్ఠ_వాటం అది పెద్ద వెర్షన్ నంబర్ మార్చి, ముందే అందరికీ చెప్పి తెంచడం. రెండు బైట్ల జాయ్‌స్టిక్ కోసం కాదు.

కాకినాడ_కాజా
ఆడేవాళ్లు ఎవరో కూడా చూడాలి. సంక్రాంతికి మా ఇంటికొచ్చే పిల్లలందరూ నాన్న ఫోన్, మామ్మ ఫోన్ లాక్కుని ఆడతారు. మామ్మ ఫోన్‌లో ప్లే స్టోర్ ఆఖరిసారి ఎప్పుడు తెరిచారో దేవుడికే తెలియాలి. స్టోరేజ్ నిండా పెళ్లి వీడియోలు. "అప్‌డేట్ చేయండి" అని అడ్డంగా ఒక తెర వస్తే పిల్లాడు గేమ్ తీసేసి వేరేది పెట్టుకుంటాడు. ప్లే స్టోర్‌లో నెమ్మదిగా అప్‌డేట్ చేసుకోనిచ్చే పద్ధతి కూడా ఉంది, వెనకాల దింపుకుంటూ ఆడనిస్తుంది. దాన్ని వాడండి.

వశిష్ఠ_వాటం
మామ్మ ఫోన్ కోసం ప్రోటోకాల్ రాయమంటారు. బాగుంది.

కాకినాడ_కాజా
రాయాల్సిందే 😄 వన్ స్టార్ ఇచ్చేది కూడా ఆ ఫోన్ నుంచే.

ప్యాకెట్_పంతులు
పాతవాళ్లని ఉంచుకుంటే ఒక మెలిక ఉంది. పాత బిట్లని సర్వర్‌లో కొత్త దారిలోకి మార్చేటప్పుడు 127 గుండా పంపకండి. పాత ఫోన్ మూలగా నడిచేటప్పుడు 0.7071తోనే తన పడవని కదుపుతుంది, దానికి బైట్ సంగతి తెలియదు. మీరు దాన్ని 90 బై 127 చేశారనుకోండి, 0.7087 అవుతుంది. ఈసారి సర్వర్ ముందుంటుంది, పాతవాళ్లకి కొత్తగా వణుకు మొదలవుతుంది. పాత ప్యాకెట్‌కి పాత లెక్క, కొత్త ప్యాకెట్‌కి కొత్త లెక్క. పడవ నడిపే ఫంక్షన్ మాత్రం ఒకటే, దానికి అందే దిక్కు ఎక్కడ నుంచి వచ్చిందో దానికి అక్కర్లేదు. వాటం గారు భయపడే నాలుగు రకాల కోడ్ అప్పుడు రాదు, మొదట్లో చిన్న తర్జుమా ఒక్కటే రెండు రకాలు.

వశిష్ఠ_వాటం
ఇలాగైతే కొంచెం ఒప్పుకుంటా. కొంచెమే.

భీమవరం_బఫర్
కొత్త ప్యాకెట్ రాస్తున్నారు కాబట్టి ఒక మాట. ప్యాకెట్ల వరుస నంబర్‌కి ఎన్ని బైట్లు పెడుతున్నారు? రెండు బైట్లయితే జాగ్రత్త. మా ట్యాంకుల గేమ్‌లో ఆటగాడు సుమారు పద్దెనిమిది నిమిషాల తర్వాత ఉన్నచోటే ఆగిపోయేవాడు. బయటకెళ్లి మళ్లీ వస్తే బాగానే ఉండేది. పద్దెనిమిది నిమిషాలు ఏకధాటిగా ఎవరూ టెస్ట్ చేయరు కదా, చాలాకాలం దొరకలేదు. రెండు బైట్లలో 65,536 నంబర్లు, సెకనుకి 60 చొప్పున 18 నిమిషాల 12 సెకన్లకి అయిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలు. సర్వర్ "ఇది పాత ప్యాకెట్" అని పారేసేది. రెండు నంబర్ల తేడాని గుర్తున్న 16 బిట్ల సంఖ్యగా చూస్తే సరిపోతుంది, సున్నా దాటినా తేడా చిన్నదే వస్తుంది.

లంకపడవ
రెండు బైట్లే పెట్టాం 😬 మా పందెం నాలుగు నిమిషాలే కానీ గది మారినా నంబర్ సున్నా చేయట్లేదు. రాసుకున్నా.

ఇంకో అనుమానం. ఇన్‌పుట్‌ని రిలయబుల్‌గా పంపాలా వద్దా? ఇప్పుడు రిలయబుల్. సాయంత్రం పూట పడవ ఒక్కసారి బిగుసుకుపోయి తర్వాత గబగబా పోతుంది.

యానాం_యూడీపీ
వద్దు. రిలయబుల్ అంటే ఒక ప్యాకెట్ పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకవాటిని ఆపేస్తుంది. కాలవ గట్టు మీద కొబ్బరి లోడు ట్రాక్టర్ ఆగితే వెనక అంబులెన్స్ కూడా ఆగాల్సిందే, అలాగ. కదలికలో పోయిన ప్యాకెట్ మళ్లీ వచ్చేసరికి అది పాత వార్త. అన్‌రిలయబుల్‌గా పంపండి, కానీ ప్రతి ప్యాకెట్‌లో ఇప్పటి ఇన్‌పుట్‌తో పాటు దాని ముందు రెండు కూడా పెట్టండి. ఒకటి పోయినా తర్వాతది తెస్తుంది. క్వేక్‌వరల్డ్ కూడా మూడేసి ఆదేశాలు కలిపే పంపేది. మీది ఒక్కోటి రెండు బైట్లు, మూడయితే ఆరు. 28 బైట్ల హెడర్ ఎలాగూ కట్టాక అందులో ఇంకో నాలుగు బైట్లు పెద్ద బరువేం కాదు.

భీమవరం_బఫర్
చూశారా, ఇప్పుడు హెడర్ లెక్క మీరే చెప్తున్నారు.

పిల్లకాలవ
ఒక డౌట్. మా ఇంట్లో కరెంట్ పోతే వైఫై పోయి ఫోన్ మొబైల్ డేటాకి మారుతుంది. ప్రతిసారీ గేమ్ నుంచి గెంటేస్తోంది. ఇదీ ప్యాకెట్ సమస్యేనా?

యానాం_యూడీపీ
కాదు, అడ్రస్ సమస్య. ఈనెట్ అవతలివాణ్ణి ఐపీ అడ్రస్, పోర్ట్‌తో గుర్తుపడుతుంది. వైఫై నుంచి డేటాకి మారగానే అడ్రస్ మారింది, సర్వర్‌కి నువ్వు కొత్త మనిషివి. క్విక్ ప్రోటోకాల్‌లో కనెక్షన్‌కి విడిగా ఒక గుర్తింపు ఉంటుంది కాబట్టి అడ్రస్ మారినా నడుస్తుంది, 2021లో అది ప్రమాణంగా వచ్చింది. ఈనెట్ మీద ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటే. చేరినప్పుడు ఆటగాడికి ఒక రహస్య టోకెన్ ఇచ్చి, తెగాక కొంతసేపు వాడి పడవని అలాగే ఉంచి, అదే టోకెన్‌తో వస్తే వాడి సీటు వాడికి ఇవ్వడం.

గట్టుమీద_గేమర్
ఇది పెట్టండి బాబూ. నరసాపురం నుంచి సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద వెళ్తూ ఆడుతుంటే నది మధ్యలో ఒక్కసారైనా తెగుతుంది. రేవులో వైఫై అంటూ లేదు, అయినా తెగుతుంది.

యానాం_యూడీపీ
@గట్టుమీద_గేమర్ నది మధ్యలో సిగ్నలే ఆగిపోతుంటే ఈనెట్ కొంతసేపు చూసి వదిలేస్తుంది. అదే టోకెన్ మీకూ పనికొస్తుంది. పంటు మీద రేవు చూసుకోండి ముందు, ఫోన్ నీళ్లలో పడితే ఏ ప్రోటోకాలూ తేదు.

మండపేట_మెష్
నేను పంటు బొమ్మ వేసిస్తా, గేమ్‌లో అడ్డంగా పెట్టండి. పడవలన్నీ దాని చుట్టూ తిరగాలి.

లంకపడవ
@మండపేట_మెష్ పంపండి అక్కా, డబ్బులు మాత్రం పండగ తర్వాత.

రాత్రి కూర్చుని పాత నోడ్ విడగొట్టాం. పాత వెర్షన్ ఫోన్‌తో చేరితే చెక్‌సమ్ ఎర్రర్ రాలేదు, పడవ కదులుతోంది, మూలగా కూడా వణుకు లేదు. ఒకే గదిలో బటన్లవాడు, జాయ్‌స్టిక్‌వాడు ఆడుతున్నారు. జాయ్‌స్టిక్‌వాడు మలుపుల్లో ముందుంటున్నాడు, కాబట్టి మిగతావాళ్లు తామే అప్‌డేట్ చేసుకుంటారని నా ఆశ. బావ మాత్రం సర్వర్‌లో పాతవాళ్లు ఎంతమందో లెక్కపెట్టే లాగ్ పెట్టాడు. అది పది శాతానికి పడిన రోజు పాత నోడ్ పీకేస్తానంటున్నాడు.

వశిష్ఠ_వాటం
బావ గారికి నా తరఫున ఒక టీ.

పిల్లకాలవ
ఇంకొక్కటి అడుగుతా. స్టిక్ మధ్యలో వేలు ఊరికే ఆనితే కదలకుండా డెడ్‌జోన్ పెడతాం కదా. అది ఫోన్‌లో తీసెయ్యాలా, సర్వర్‌లోనా?

అమలాపురం_అల్గో
ఫోన్‌లో, బైట్ చేసేముందు. గోడోలో గెట్ వెక్టర్ అనే ఫంక్షన్ వాడితే డెడ్‌జోన్ గుండ్రంగా తీసి, పొడవు ఒకటి దాటకుండా కూడా చూస్తుంది. అయినా సర్వర్‌లో కత్తిరింపు తీసెయ్యకు, యానాం గారు పైన ఎందుకో చెప్పారు.

లంకపడవ
వరుస నంబర్, టోకెన్ రెండూ ఇంకా మిగిలున్నాయి. ఇన్‌పుట్ అన్‌రిలయబుల్ చేసిన బిల్డ్ రేపు సాయంత్రం టెస్టింగ్‌లో పెడుతున్నా. పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లు, సాయంత్రం ఏడు తర్వాత నెట్ పాడయ్యేవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, అలాంటివాళ్లే కావాలి.

కాకినాడ_కాజా
సాయంత్రం ఏడు తర్వాత నెట్ పాడవనివాళ్లు ఎవరో చెప్పండి, మేమూ ఆ ఊరికి మారతాం. నన్ను కలుపుకోండి. మామ్మ ఫోన్ కూడా తెస్తా.